నాలుగ్గంటల బస్సూ, ఆరు పెన్సిల్ సెల్లులూ

ప్రయాణంలో ఆడుకోడానికి తక్కువ డబ్బుల్లో ఏ గేమింగ్ డబ్బా కొనాలి? మన సాఫ్ట్‌వేరు జనాల్ని ఈ ప్రశ్న అడిగితే పది నిమిషాల్లో ఒక ఎక్సెల్ షీటు తయారవుతుంది. ప్రాసెసరు, ర్యాము, స్క్రీను, ధర... ఒక్కో కాలమ్‌కి ఒక్కో రంగు. ఆ షీటులో ప్రయాణం గురించి మాత్రం ఏమీ ఉండదు. ఎన్ని గంటలు కూర్చోవాలి, దార్లో ప్లగ్గు దొరుకుతుందా, సిగ్నల్ ఉంటుందా, కుదుపుకి వస్తువు కింద పడితే ఎవరి జేబుకి చిల్లు, ఇవేవీ ఎవరూ రాయరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చేతిలో పట్టే ఆట యంత్రాలు పుట్టి నలభై ఏళ్ళు దాటింది. ఈ నలభై ఏళ్ళలో జనం ఎక్కువగా కొన్నవి, ఎక్కువ కాలం వాడినవి చాలావరకు ఆయా కాలాల్లో బలమైన యంత్రాలు కావు. అందరూ వాడి వాడి చవకైపోయిన సామానుతో చేసినవి, ఎక్కిన చోటి నుంచి దిగే చోటి దాకా ఆగకుండా నడిచినవి. కాబట్టి కొత్త మోడళ్ళ రివ్యూలు చదివేముందు పాత మోడళ్ళ చరిత్ర చదవడం లాభం.

చరిత్రని కొలవడానికి మనకో రూటు కావాలి కదా. జక్రాన్‌పల్లి నుంచి హైదరాబాదు అనుకుందాం. నిజామాబాద్ జిల్లాలో, ఆర్మూరుకి ఇవతల, పసుపు పండించే ఊళ్ళ నడుమ ఉంటుంది జక్రాన్‌పల్లి. 44వ నంబరు జాతీయ రహదారి (ఒకప్పుడు 7వ నంబరు) ఎక్కి డిచ్‌పల్లి, కామారెడ్డి, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ మీదుగా వస్తే బస్సులో రమారమి నాలుగ్గంటలు. వారాంతానికి ఊరెళ్ళి సోమవారం పొద్దున్నే ఆఫీసుకి చేరే మన ఐటీ కుర్రాళ్ళు ఈ రోడ్డు మీద బోలెడుమంది. ఏ యంత్రం గురించి చెప్పుకున్నా ఈ నాలుగ్గంటల బస్సులో పెట్టి చూద్దాం.

నిజానికి ప్రయాణపు ఆటలు మనకి కొత్తేం కాదు. అష్టాచెమ్మా ఆడాలంటే ఒక బొగ్గుముక్క, నాలుగు గవ్వలు, కాసిని చింతగింజలు చాలు. చెట్టుకింద బండి ఆగినా, స్టేషన్లో రైలు లేటయినా ఆట మొదలు. పెట్టుబడి సున్నా, కరెంటు సున్నా. ఒకటే ఇబ్బంది, కదిలే బస్సులో గింజలు నిలవవు. అందుకే రైలు బెర్తు మీద పేకముక్కలు రాజ్యమేలాయి. కదులుతున్న బండిలో, ఒక్కడే కూర్చుని, పక్కవాడితో పని లేకుండా ఆడే ఆట కావాలంటే యంత్రం రావాల్సిందే.

ఆ యంత్రం జపాన్లో వచ్చింది. నింటెండో అప్పటికి బొమ్మలూ పేకలూ చేసుకునే కంపెనీ. అందులో గుంపే యొకోయి అనే ఇంజనీరు ఉండేవాడు. బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి తోచక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కాలక్షేపం చేయడం చూసి ఆయనకి ఆలోచన తట్టిందని ఎప్పుడూ చెప్పుకునే కథ. 1970ల్లో క్యాలిక్యులేటర్ కంపెనీలు ధరల మీద కొట్టుకుని కొట్టుకుని, చిన్న చిప్పులూ ఎల్సీడీ తెరలూ బాగా చవకైపోయాయి. వాటితోనే 1980లో 'గేమ్ అండ్ వాచ్' వచ్చింది. గుండీ సెల్లుతో నడిచేది, జేబులో పట్టేది, ఆట ఆపితే గడియారం. ఒక్కో యంత్రంలో ఒక్కో ఆటే. పదకొండేళ్ళలో నాలుగు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

యొకోయి తన పద్ధతికి ఒక పేరు పెట్టుకున్నాడు. మన మాటల్లో చెప్పాలంటే 'వాడిపోయిన టెక్నాలజీని పక్కదారి పట్టించి ఆలోచించడం'. వాడిపోయినది అంటే పనికిరానిది అని కాదు, దాని లోపాలన్నీ అందరికీ తెలిసిపోయి, ధర నేలకి దిగినది అని. ప్రొడక్షన్లో ఏళ్ళ తరబడి నలిగిన లైబ్రరీ వాడాలా, నిన్న విడుదలైన వెర్షన్ వాడాలా అని మనం రోజూ కొట్టుకుంటాం చూడండి, అదే గొడవ.

ఈ పద్ధతికి అసలు పరీక్ష 1989లో జరిగింది. ఆ ఏడు నింటెండో గేమ్ బాయ్ వచ్చింది. నాలుగు మెగాహెర్ట్‌జ్ పైచిలుకు ప్రాసెసరు, ఎనిమిది కిలోబైట్ల ర్యాము, రంగుల్లేవు, వెనక లైటు లేదు, పాకురంగు తెర మీద నాలుగు ఛాయలు. అమెరికాలో ధర 90 డాలర్లు. అదే ఏడు అటారీ 'లింక్స్' తెచ్చింది. రంగుల తెర, వెనక లైటు, ఎంతో బలమైన బొమ్మలు, ధర దాదాపు 180 డాలర్లు. మరుసటేడు సెగా వాళ్ళ 'గేమ్ గేర్', అది కూడా రంగుల్లోనే. ఎక్సెల్ షీటు వేస్తే గేమ్ బాయ్‌కి మూడో స్థానమే.

ఇప్పుడు మన బస్సెక్కిద్దాం. గేమ్ బాయ్‌కి నాలుగు పెన్సిల్ సెల్లులు, పది పదిహేను గంటలు నడిచేది. అంటే జక్రాన్‌పల్లి నుంచి హైదరాబాదు వచ్చి, తిరిగెళ్ళి, ఇంకా మిగిలేది. లింక్స్‌కీ గేమ్ గేర్‌కీ ఆరేసి సెల్లులు, నడిచేది మూడు నుంచి ఐదు గంటలు. ఒకవైపు ప్రయాణానికి ఆరు సెల్లులు ఆహుతి, రానూపోనూ పన్నెండు! నెలకి రెండుసార్లు ఊరెళ్ళేవాడైతే ఏడాదిలో సెల్లుల ఖర్చు యంత్రం ధరతో పోటీ పడుతుంది. గేమ్ బాయ్, దాని తర్వాతి గేమ్ బాయ్ కలర్ కలిపి దాదాపు పన్నెండు కోట్లు అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి దాటి ఆగింది. లింక్స్ ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు.

దీనికి తోడు గేమ్ బాయ్‌తో పాటు అమెరికాలో పెట్టెలోనే 'టెట్రిస్' ఇచ్చారు. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో రాసిన ఆట. కథ లేదు, భాష లేదు, మధ్యలో ఆపినా నష్టం లేదు. కండక్టరు టికెట్ అడిగితే ఆపి, మళ్ళీ మొదలెట్టొచ్చు. ప్రయాణానికి సరిపడే యంత్రం ఎంత ముఖ్యమో, ప్రయాణానికి సరిపడే ఆట కూడా అంతే ముఖ్యం అని అప్పుడే తేలింది.

మరి ఇదంతా మన దాకా ఎలా వచ్చింది? 1989లో డాలరు పదహారు రూపాయల చుట్టూ ఉండేది. అంటే గేమ్ బాయ్ పధ్నాలుగు వందల పైచిలుకు, అది కూడా అమెరికా ధర. 1991కి ముందు విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువుల మీద ఆంక్షలూ, భారీ సుంకాలూ ఉండేవి. మామూలు ఇంట్లో దాని పేరు కూడా తెలీదు. అయితే నిజామాబాద్, కరీంనగర్ జిల్లాలకి ఒక పక్కదారి ఉండేది, గల్ఫు. 1970ల చమురు రోజుల నుంచి ఈ పల్లెల మనుషులు దుబాయికీ, సౌదీకీ, కువైటుకీ పనికి వెళ్తున్నారు. సెలవుకి వచ్చేటప్పుడు సూట్‌కేసులో టేపురికార్డరు, సెంటు సీసాలు, పిల్లలకి ఏదో ఒక ఎలక్ట్రానిక్ బొమ్మ. దుకాణంలో దొరకని వస్తువు సూట్‌కేసులో దొరికేది.

దుకాణంలో మొదట దొరికింది మాత్రం చైనా 'బ్రిక్ గేమ్'. 1990ల్లో పుట్టినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పైన '9999 ఆటలు' అని రాసి ఉండేది. జాతరలో, బస్టాండు కొట్లో, కోఠి ఫుట్‌పాత్ మీద, ఎక్కడంటే అక్కడ. లోపల నిజంగా ఉండేవి టెట్రిస్, పాము, కారు రేసు, ట్యాంకు లాంటి కొన్ని ఆటలు. స్పీడు మారిస్తే ఒక నంబరు, లెవెల్ మారిస్తే ఇంకో నంబరు. మన టెస్టింగు వాళ్ళు టెస్టు కేసుల సంఖ్య పెంచినట్టన్నమాట! తెర మీద ముందే అచ్చు పోసిన పది అడ్డం, ఇరవై నిలువు గళ్ళు. గేమ్ అండ్ వాచ్‌లో ఉన్నది ఈ రకం ఎల్సీడీయే. బొమ్మల బదులు గళ్ళు పెట్టారు కాబట్టి ఒకే తెర మీద అన్ని ఆటలు పట్టాయి. రెండు మూడు పెన్సిల్ సెల్లులు వేస్తే వారాలు నడిచేది. కింద పడితే దుమ్ము దులిపి మళ్ళీ ఆడుకునేవాళ్ళు. టెట్రిస్ హక్కులున్నవాళ్ళకి దీనివల్ల చిల్లిగవ్వ రాలేదన్నది వేరే సంగతి, దాని గురించి తర్వాత చెప్తా.

తర్వాతి మలుపు ఫోను. 1997లో నోకియా 6110లో పాము ఆట పెట్టారు. రాసింది తనేలీ అర్మాంతో అనే ఇంజనీరు. ఇన్‌ఫ్రారెడ్‌తో రెండు ఫోన్లు కలిపి ఇద్దరు ఆడుకునే వీలు కూడా ఉండేది. అయితే మన పల్లెలకి ఫోను చేరడానికి టెక్నాలజీ కన్నా బిల్లు అడ్డం. ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు కట్టే రోజులవి. 2003 మే 1 నుంచి ఫోన్ చేసినవాడే డబ్బులు కట్టే పద్ధతి వచ్చి ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడు నోకియా 1100 వచ్చింది. దుమ్ము పట్టని కీప్యాడు, తల మీద టార్చి లైటు, చార్జి పెడితే నాలుగు వందల గంటల స్టాండ్‌బై అని కంపెనీ మాట, లోపల పాము ఆట. ప్రపంచం మొత్తం మీద ఇరవై ఐదు కోట్లు అమ్ముడయ్యాయి. రాత్రి మోటరు వేయడానికి పొలానికెళ్ళే రైతుకి అది టార్చి, బస్సులో వాళ్ళబ్బాయికి అది ఆట. గేమింగ్ కోసం విడిగా ఒక్క రూపాయి పెట్టలేదు. నన్నడిగితే, మన దేశంలో మామూలు జనానికి బడ్జెట్ గేమింగ్ యంత్రం అంటే మొదట ఇదే.

సరిగ్గా అదే 2003లో అదే నోకియా, గేమింగ్ కోసమే 'ఎన్-గేజ్' అనే ఫోను 299 డాలర్లకి తెచ్చింది. ఆట మార్చాలంటే ఫోను విప్పి బ్యాటరీ తీసి, దాని కింద కార్డు మార్చాలి. ఊగే బస్సులో ఒక చేతిలో ఫోను, ఒళ్ళో బ్యాటరీ, వేళ్ళ మధ్య కార్డు... ఊహించుకోండి. ప్రయాణం చేసేవాడికి చూపించకుండానే డిజైను ఖాయం చేశారా అనిపిస్తుంది. అది నిలబడలేదు. మరోపక్క మామూలు ఫోన్లలో జావా ఆటలు వచ్చాయి. నోకియా తొలి సిరీస్ 40 ఫోన్లలో ఆట మొత్తం 64 కిలోబైట్లలో పట్టాలి. ఇవాళ మనం పంపే ఈమెయిల్ సంతకంలోని లోగో అంతకన్నా పెద్దది!

2004 చివర్లో మళ్ళీ 1989 సీనే. సోనీ పీఎస్పీ 333 మెగాహెర్ట్‌జ్ దాకా వెళ్ళే ప్రాసెసరుతో, పెద్ద తెరతో, లోపల గిరగిరా తిరిగే డిస్కుతో వచ్చింది. అమెరికా ధర 250 డాలర్లు. నింటెండో డీఎస్ 67 మెగాహెర్ట్‌జ్‌తో, రెండు చిన్న తెరలతో, 150 డాలర్లకి వచ్చింది. పీఎస్పీ బ్యాటరీ నాలుగు నుంచి ఆరు గంటలు, డీఎస్ ఆరు నుంచి పది. చివరికి పీఎస్పీ ఎనిమిది కోట్ల దగ్గర ఆగితే డీఎస్ పదిహేను కోట్లు దాటింది. పీఎస్పీ మంచి యంత్రమే, ఓడిపోయింది అనడం అన్యాయం. కానీ దానికి సోనీ సొంత మెమరీ స్టిక్కే కావాలి, మామూలు కార్డు పట్టదు. పెట్టె మీద ధర ఒకటి, వాడకంలోకి వచ్చేసరికి అయ్యే ఖర్చు ఇంకొకటి. మన భాషలో చెప్పాలంటే వెండర్ లాక్-ఇన్.

అన్నట్టు పీఎస్పీలో మన హైదరాబాదు చెయ్యి కూడా ఉంది. 2009లో గిల్లిదండ, కబడ్డీ లాంటి మన వీధి ఆటలతో 'దేశీ అడ్డా' అని పీఎస్పీకీ, ప్లేస్టేషన్ 2కీ ఒక గేము వచ్చింది. తయారుచేసింది హైదరాబాదుకి చెందిన గేమ్‌శాస్త్ర. వీధిలో ఉచితంగా ఆడుకున్న ఆట, మన ఊరి ఇంజనీర్ల చేత్తోనే వేల రూపాయల యంత్రంలోకి ఎక్కింది. నవ్వొస్తుంది గానీ, గర్వంగా కూడా ఉంటుంది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక లెక్క మొత్తం మారింది. డేటా చవక, ఫోను అందరి చేతిలో. 2018లో పబ్జీ మొబైల్ వచ్చి ఊళ్ళకి ఊళ్ళని కూర్చోబెట్టింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. అప్పటిదాకా అందులో డ్రెస్సులకీ, తుపాకుల రంగులకీ జనం కట్టిన డబ్బు యాప్‌తో పాటే చేతికందకుండా పోయింది. సెల్లులు కొన్న రోజుల్లో కనీసం మనం ఏం కొన్నామో మన చేతిలో కనిపించేది.

ఇంతకన్నా అసలు గాయం ఇంకోటి. ఉచితంగా దిగే ఆన్‌లైన్ రమ్మీ. రైలు బెర్తు మీద కాలక్షేపానికి ఆడిన పేక, ఫోన్లోకి వచ్చేసరికి జీతాలు మింగే గుంట అయింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆర్డినెన్సు తెచ్చి నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం చేసింది. ఈ ఎనిమిదేళ్ళలో రమ్మీ అప్పుల్లో మునిగిన కుటుంబాల వార్తలు మనం ఎన్ని చదివామో లెక్కలేదు. అందులో మన ఐటీ ఉద్యోగాలవాళ్ళూ ఉన్నారు. బడ్జెట్ అంటే యంత్రం ధర మాత్రమే అనుకుంటే ఇక్కడే దెబ్బతింటాం. యంత్రం ఖరీదు సున్నా, ఆట ఖరీదు సున్నా, చివరికి పోయింది మాత్రం ఇల్లు.

ఇక ఇప్పటి సంగతి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో ఉన్నది 2015లో ప్రకటించిన టెగ్రా చిప్పు. మళ్ళీ అదే యొకోయి సూత్రం, ఆయన 1997లోనే పోయినా. పదిహేను కోట్లు దాటింది అమ్మకం. మన దేశానికి మాత్రం అది అధికారికంగా రాలేదు, తెలిసినవాళ్ళ సూట్‌కేసులోనో, దిగుమతి చేసే కొట్లోనో వచ్చింది. గల్ఫు రోజులే మళ్ళీ, కాకపోతే ఇప్పుడు సూట్‌కేసు డల్లాస్ నుంచి వస్తుంది. వారంటీ లేదు, బాగుచేయించాలంటే దిక్కులు చూడాలి. 2022లో విడుదలైనప్పుడు స్టీమ్ డెక్‌దీ అదే కథ. 2023 జులైలో అసుస్ వాళ్ళ 'ఆర్‌ఓజీ ఎలై' మాత్రం నేరుగా ఇక్కడికే వచ్చింది, 69,990 రూపాయలకి.

ఆ రోజుల్లోనే జక్రాన్‌పల్లి వైపు నుంచి వచ్చి హైదరాబాదులో మొదటి ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నా, గీ డెబ్బై వేలది తీస్కోవచ్చా? నెలకు రెండు సార్లు ఊరికి పోతుంట గద, బస్సుల మంచిగ టైంపాస్ అయితది."

"బస్సుల చార్జింగ్ ఉంటదా తమ్మీ?"

"ఎక్కిన బస్సును బట్టి ఉంటదన్నా."

"కింద పడితే?"

"ఈఎమ్ఐ అయితే ఆగదు," అని నవ్వాడు.

లెక్క వేసుకున్నాం ఇద్దరం. దాని బ్యాటరీ 40 వాట్-అవర్లు, పెద్ద గేములు ఆడితే రెండు గంటల లోపే ఖాళీ. అంటే హైదరాబాదులో ఎక్కి ఆడటం మొదలుపెడితే కామారెడ్డి రాకముందే పోతుంది, మిగతా సగం దారి కిటికీలోంచి చూడటమే. 1990లో గేమ్ గేర్ కొన్నవాడే నయం. ఇక డబ్బు. ఆ ఏడు సీజన్లో పసుపు క్వింటాలు ఐదారు వేలు పలికింది. ఎకరానికి ఇరవై క్వింటాళ్ళ చుట్టూ ఎండు పసుపు వస్తుందనుకుంటే, ఆ యంత్రం ధర పన్నెండు క్వింటాళ్ళు, అంటే అరెకరం మీద పంట. తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకి తీసుకెళ్ళిన అరెకరం. అందులో మా చిన్నాయన ఖర్చులు తీయలేదు నేను. జీతం వాడిదే, కొనుక్కునే హక్కూ వాడిదే. కానీ కొలతబద్ద ఏదో తెలిసి కొనడం వేరు. వాడు చివరికి ఉన్న ఫోనుకే తగిలించే ఒక బ్లూటూత్ కంట్రోలరు తీసుకున్నాడు, నెట్ లేకపోయినా నడిచే రెండు ఆటలు డబ్బులిచ్చి కొనుక్కున్నాడు.

మరి చైనా నుంచి వస్తున్న బుల్లి యంత్రాల సంగతేంటి అంటారా? మియూ మినీ, అన్‌బర్నిక్ లాంటివి పదివేల లోపే దొరుకుతున్నాయి. పాత ఆర్మ్ చిప్పు, లోపల లినక్సు, పాత ఆటలు ఆడితే బ్యాటరీ మన బస్సు ప్రయాణానికి సరిపోతుంది. యొకోయి చూస్తే మెచ్చుకునేవాడు. అయితే ఒక మాట. ఎమ్యులేటర్ రాయడం కోసం రివర్స్ ఇంజనీరింగ్ చేయడం తప్పు కాదని 2000లో సోనీ-కనెక్టిక్స్ కేసులో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. దానర్థం కార్డులో వేల ఆటలు నింపి అమ్మడం సరైనదని కాదు. ఇది ఆ '9999 ఆటల' డబ్బాకి మనవడే. మన కోడుకి లైసెన్సు ఫైలు లేదని పుల్ రిక్వెస్టు ఆపే మనం, ఇంకొకడి కోడు విషయంలో కళ్ళు మూసుకోకూడదు. ఖాళీ యంత్రం కొనండి, ఉచితంగా పంచుకోమని రాసినవాళ్ళే చెప్పిన ఆటలూ, కొన్న ఆటలూ పెట్టుకోండి. బోలెడున్నాయి.

మొత్తానికి ఈ చరిత్ర నుంచి నేను ఏరుకున్న ప్రశ్నలు ఇవి. ఒకటి, మీ ప్రయాణంలో ప్లగ్గు లేని పొడవైన ముక్క ఎన్ని గంటలు? బ్యాటరీ అంతకన్నా ఒక గంట ఎక్కువ ఉండాలి. పవర్ బ్యాంకు మోస్తానంటే సరే, విమానంలో అయితే దాన్ని చేతి సంచీలోనే పెట్టాలి, 100 వాట్-అవర్ల లోపుది చూసుకోండి. రెండు, మేడ్చల్ దాటాక సిగ్నల్ పోతే ఆట ఆగుతుందా? ఆగితే అది ప్రయాణానికి కాదు, ఇంటికి. మూడు, ఆటలు, కార్డు, రిపేరు కలిపి రెండేళ్ళ ఖర్చెంత? నాలుగు, బస్సులో మర్చిపోయి దిగితే ఎన్ని రోజులు నిద్ర పట్టదు? రెండు రోజుల కన్నా ఎక్కువైతే అది మీ బడ్జెట్ కాదు.

ఈ నాలుగింటికీ జవాబు రాసుకున్నాక చాలామందికి కొత్త యంత్రమే అక్కర్లేదని తేలుతుందని నా అనుమానం. అవసరమే అని తేలితే మాత్రం మొహమాటం లేకుండా కొనుక్కోండి. రోజంతా బగ్గులతో కొట్టుకున్నవాడికి నాలుగ్గంటల ఆట పాపమేం కాదు. మీ రూటు ఏదో, ఎన్ని గంటలో చెప్పండి, ఆ తర్వాత ఎక్సెల్ షీటు తెరుద్దాం.